గాలం పాఠాలు – 5: చలి ముదిరిన కొండ సరస్సులో ట్రౌట్

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారనుకుంటాను. కొక్కెం తీసేసిన స్పూన్‌ని, అంటే చెంచా ఆకారపు లోహపు ఎరని, ఇరవై మీటర్ల దూరంలో పెట్టిన బకెట్ వైపు విసరమన్నాను. పదిసార్లలో మూడుసార్లు బకెట్‌కి బారెడు దూరంలో పడుతున్నా చాలు, ఈ పాఠంలోకి వచ్చేయండి. అంత గురి కుదరకపోయినా రండి. ఈసారి గురి కన్నా లెక్కతో పని ఎక్కువ. లెక్కంటే కంగారు పడకండి, ఒకటి నుంచి ఇరవై దాకా ఒకే వేగంతో అంకెలు పలకడం వస్తే సరిపోతుంది.

ట్రౌట్ చల్లటి నీళ్ల చేప. ఎండాకాలంలో అది ఎర వెంట పరుగెత్తుతుంది. ఆకులు రాలిపోయి, పొద్దున్నే ఒడ్డున గడ్డి మీద మంచు పేరుకునే రోజుల్లో దానికంత ఓపిక ఉండదు. ఎరే దాని మూతి ముందుకు వెళ్లాలి, అదీ మెల్లగా వెళ్లాలి. చేప ఏ లోతులో ఉందో పట్టుకోవడం, ఆ లోతులో ఎరను నిదానంగా నడపడం, ఈ రెండే ఇవాళ నేర్చుకుందాం.

ముందు నీళ్ల సంగతి

ఎండాకాలంలో లోతైన సరస్సులో నీళ్లు పొరలుగా ఉంటాయి. పైన వెచ్చటివి, అడుగున చల్లటివి, నడుమ వేడి గభాలున పడిపోయే ఒక పొర. వెచ్చటి నీళ్లు తేలిక, చల్లటివి బరువు కాబట్టి గాలి ఎంత వీచినా ఇవి కలవవు. చలి మొదలయ్యాక పై నీళ్లు రోజురోజుకీ చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతాయి. చివరికి పైనా కిందా ఒకే వేడికి వస్తాయి. అప్పుడు గట్టిగా ఈదురుగాలి కొట్టిందంటే సరస్సు మొత్తం కవ్వంతో చిలికినట్టు కలిసిపోతుంది. సరస్సు తిరగబడటం అంటే ఇదే.

అడుగున బురద, కుళ్లిన నాచు ఎక్కువున్న సరస్సుల్లో ఈ తిరగబడే రోజులు బాగుండవు. నీళ్లు మసకబారతాయి, కుళ్లిన గుడ్డు వాసన కూడా రావచ్చు. అలాంటి రోజున గాలం వేసి లాభం లేదు. సామాను సర్దుకుని వెళ్లిపోయి వారం తర్వాత రండి.

తిరగబడటం అయిపోయాక ఆక్సిజన్ అన్ని లోతులకీ చేరుతుంది. పైగా చల్లటి నీళ్లు ఆక్సిజన్‌ని ఎక్కువ పట్టి ఉంచుతాయి. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 5 డిగ్రీల నీళ్లలో 13కి దగ్గరగా కరుగుతుంది. కొండ మీద గాలి పలచన కాబట్టి రెండంకెలూ కాస్త తగ్గుతాయి, అంతే. ఎండాకాలంలో ఫలానా లోతు దాటి కదలని చేప ఇప్పుడు ఎక్కడైనా ఉండొచ్చు. మీ మోకాలి లోతు నీళ్లలో ఉండొచ్చు, పది మీటర్ల కిందా ఉండొచ్చు. మన తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

అందుకే సంచిలో థర్మామీటర్ ఉండాలి. దారం కట్టి, చిన్న సీసం గుండు తగిలించి, ముందు ఒక మీటరు, తర్వాత అయిదు మీటర్ల లోతుకు దింపండి. మూడు నిమిషాలు ఆగి, చకచకా పైకి లాగి వెంటనే చదవండి. రెండంకెలూ ఒకటే అయితే కనీసం ఆ లోతు దాకా నీళ్లు కలిసిపోయాయన్నమాట. పైన ఇంకా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువుంటే సరస్సు ఇంకా తిరగబడలేదు. పైన 3, కింద 4 వచ్చిందంటే కథ ముందుకెళ్లిపోయింది. నీళ్లు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. అంతకన్నా చల్లబడినవి మళ్లీ తేలికై పైన నిలుస్తాయి. అందుకే గడ్డకట్టబోయే సరస్సులో అడుగే వెచ్చన. అప్పుడు లోతున్న చోటికే వెళ్లండి.

ట్రౌట్ ఒంటి వేడి చుట్టూ ఉన్న నీళ్ల వేడితోపాటే మారుతుంది. నీళ్లు 7 నుంచి 12 డిగ్రీల మధ్య ఉన్నంతకాలం అది చలికాలం కోసం ఒళ్లు పెంచుకునే పనిలో ఉంటుంది, బాగా తింటుంది. 5 దిగువకు పడితే తిన్నది అరగడానికే చాలాసేపు పడుతుంది కాబట్టి తక్కువ తింటుంది, తక్కువ కదులుతుంది. మానేయదు, బద్ధకిస్తుందంతే.

ఇందులో ఒక సుఖం కూడా ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పరుగెత్తక్కర్లేదు. చలి రోజుల్లో పదకొండు నుంచి మూడు దాకా ఉండే సమయమే మంచిది. ఎండ తగిలే ఒడ్డు చూసుకోండి. భూమికి ఉత్తరార్ధంలో ఉన్నవాళ్లకు అది సరస్సు ఉత్తరపు ఒడ్డు. నల్ల రాళ్లున్న చోటైతే మరీ మేలు, రాయి ఎండను పీల్చి పక్క నీళ్లను అర డిగ్రీ అయినా వేడెక్కిస్తుంది. గాలి ఏ ఒడ్డుకు కొడుతోందో ఆ వైపుకే పురుగూ పుట్రా కొట్టుకొస్తాయి. చలిగాలి మొహాన కొడుతుంటే నిలబడటం కష్టమే అయినా, ఓ అరగంట అక్కడ ప్రయత్నించాల్సిందే.

లెక్క

ఇప్పుడు అసలు పాఠం. ఆరున్నర, ఏడు అడుగుల తేలికపాటి కర్ర, ఆరు పౌండ్ల బరువు దాకా తెగకుండా తట్టుకునే నైలాన్ లైన్ (గాలపు దారం), ఏడు గ్రాముల స్పూన్. ఇంతకు మించి ఏమీ వద్దు.

స్పూన్ ఎంత వేగంగా మునుగుతుందో దాని పెట్టె మీద రాసి ఉండదు, రాసినా నమ్మొద్దు. మీరే కొలవాలి. స్పూన్ నుంచి సరిగ్గా రెండు మీటర్ల పైన లైన్ మీద మార్కర్ పెన్‌తో నల్లటి గీత పెట్టండి. నిటారుగా లోతుకు దిగిన బండ మీద నిలబడి, కర్ర కొనను నీళ్లకు దగ్గరగా పెట్టి, లైన్‌ని ఆపి ఉంచే రీల్ కమ్మీ తెరిచి స్పూన్‌ని వదలండి. అది నీటిని తాకగానే లెక్క మొదలు. ‘ఒకటీ... రెండూ...’ అని పెదవులు కదిపి లెక్కపెట్టండి, మనసులో అనుకుంటే వేగం మారిపోతుంది. నల్లగీత నీటిమట్టానికి చేరే సరికి మీ లెక్క నాలుగు అయిందనుకోండి, అంకెకు అర మీటరు చొప్పున దిగుతోందన్నమాట. అయిదుసార్లు చేయండి. ప్రతిసారీ నాలుగే వస్తోందా? అయితే మీ నోరే మీకు లోతుకొలత.

ఇక విసరండి. స్పూన్ నీళ్లలో పడగానే లెక్క మొదలుపెట్టి, లైన్‌ని వదులుగా ఉంచండి. దిగుతున్నంతసేపూ లైన్ నీళ్లలోకి జారుతూనే ఉంటుంది. ఉన్నట్టుండి ఆగి, నీటి మీద ముడతలు పడి తేలుతుంది. అదే అడుగు. పదహారు దగ్గర ఆగిందంటే సుమారు ఎనిమిది మీటర్లు. దూరంగా విసిరినప్పుడు వెనకాల లైన్ కూడా ఈడుస్తుంది కాబట్టి కొంచెం తక్కువే ఉండొచ్చు. ఫరవాలేదు. మనకు కావలసింది మీటర్లు కాదు, అంకె. పదహారుకు అడుగు తగిలితే రెండో విసురులో పద్నాలుగు దగ్గర చుట్టడం మొదలుపెట్టండి. తర్వాత పన్నెండు, పది, ఎనిమిది. ఒక్కో అంకెకు మూడు నాలుగు విసుర్లు, విసనకర్ర విప్పినట్టు ఎడమ నుంచి కుడికి. చేప పన్నెండు దగ్గర తగిలిందా, మళ్లీ పన్నెండే. ఒక లోతులో ఒకటి ఉందంటే ఆ పక్కన ఇంకొకటి ఉండే అవకాశం ఎక్కువ. కొత్తవాళ్లు సరిగ్గా ఇక్కడే, ఒక చేప పడ్డ ఉత్సాహంలో, లెక్క మానేస్తారు.

చుట్టడం గురించి చెప్పాలి. మీకు నెమ్మది అనిపించే వేగం చేపకు ఇంకా ఎక్కువే. హ్యాండిల్ ఒక చుట్టు తిరగడానికి మూడు అంకెలు పట్టాలి. మూడు చుట్లు చుట్టి, రెండంకెలు ఆగండి. ఆగినప్పుడు స్పూన్ పక్కకు ఒరిగి, ఎండుటాకులా ఊగుతూ దిగుతుంది. లాగితే అది పైకి లేస్తుంది, ఆపితే దిగుతుంది. లేచినంతా మళ్లీ దిగితేనే మీ పన్నెండు పన్నెండుగా ఉంటుంది. వేగంగా చుట్టారంటే లెక్కంతా వృథా, స్పూన్ నాలుగు గజాలు రాకముందే పైకి తేలుతుంది.

చేప తగిలినప్పుడు ఎండాకాలంలోలా చెయ్యి అదిరిపోతుందని ఎదురుచూడకండి. నేను మొదటి ఏడు అలాగే ఎదురుచూసి మోసపోయాను. లైన్ కాస్త బరువెక్కినట్టు అనిపించింది, నాచు తగిలిందనుకుని చుట్టేశాను. స్పూన్ బయటికొచ్చాక చూస్తే కొక్కెం మొనకు ఆవగింజంత పొలుసు అంటుకుని ఉంది. నాచుకు పొలుసులు ఎక్కడివి! అప్పటి నుంచి చేతిని కాకుండా లైన్‌ని చూడటం అలవాటు చేసుకున్నాను. నీటిలోకి లైన్ దిగే చోటు మీద కన్ను ఉంచండి. స్పూన్ దిగుతుండగా లైన్ అడుగు రాకముందే ఆగినా, ఓ పక్కకు జరిగినా, ఒంపు చటుక్కున సాగినా చేపే. అప్పుడు కర్రను ఝాడించకండి. వదులు చుట్టేసి, తలుపు తెరిచినంత నిదానంగా పక్కకు లాగండి. బరువు మిగిలే ఉంటే చేప ఉంది.

స్పూన్‌కి బదులు ఫ్లై, అంటే ఈకలూ దారాలతో కట్టిన తేలికపాటి ఎర, వేసేవాళ్లకూ ఇదే లెక్క. మెల్లగా మునిగే లైన్, ముదురు ఆకుపచ్చ ఊలీ బగర్ (ఒక రకం ఫ్లై), చేత్తో జానెడు చొప్పున లాగుడు. ఫ్లై గురించి విడిగా పాఠం ఉంది కాబట్టి ఇక్కడ ఇంతే.

చలి పెట్టే చిక్కులు

గాలి సున్నా డిగ్రీల కిందికి పోయిందంటే, లైన్‌తో వచ్చిన నీళ్లు కర్ర రింగుల్లో గడ్డకడతాయి. అన్నిటికన్నా చిన్నది కొన రింగు, ముందు మూసుకుపోయేది అదే. ఒకసారి మంచి చేప పరుగు తీస్తుంటే నా లైన్ కొన రింగులో మంచుకు బిగుసుకుని, పుటుక్కున తెగిపోయింది. ఆ చేప నోట్లో నా స్పూన్ ఉండిపోవడమే ఇప్పటికీ బాధ. ఇప్పుడు ప్రతి నాలుగైదు విసుర్లకు ఒకసారి కర్ర కొనను నీళ్లలో ముంచి కాసేపు ఉంచుతాను. నీళ్లు గాలి కన్నా వెచ్చన కాబట్టి మంచు కరిగిపోతుంది. గోరుతో గీకొద్దు, లోపలి పింగాణీ వలయం ఊడి రావచ్చు.

రీల్ డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్ తెగకుండా జారనిచ్చే బిగింపు) కూడా చలికి గ్రీజు బిగిసి మొరాయిస్తుంది. ఇంటి దగ్గర స్ప్రింగ్ త్రాసుకు లైన్ కట్టి లాగి చూడండి. ఆరు పౌండ్ల లైన్‌కి 700 నుంచి 900 గ్రాముల దగ్గర జారడం మొదలవ్వాలి. ఒడ్డుకు చేరాక మళ్లీ చేత్తో లాగి చూసుకుని, బిగుతుగా ఉంటే ఇంకాస్త వదులు చేయండి.

మీ ఒంటి సంగతి అంతకన్నా ముఖ్యం. నీళ్లు అదే వేడిలో ఉన్న గాలి కన్నా పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. చల్లటి నీళ్లలో పడ్డవాళ్ల గురించి 1-10-1 అని ఒక గుర్తు ఉంది. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. మొదటి నిమిషంలో చేయాల్సింది ఈత కాదు, నీళ్లు మింగకుండా తేలుతూ ఉండటం. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తొడుక్కోవాల్సిందే, సీటు కింద పెట్టుకున్నది లెక్కలోకి రాదు. ఒడ్డున ఉన్నా మోకాలి లోతు దాటొద్దు. నూలు బట్టలు తడిస్తే చలిని ఆపవు, ఊలు కొంత ఆపుతుంది. ఒంటరిగా వెళ్లొద్దు.

చేతికొచ్చిన చేప

బ్రౌన్ ట్రౌట్, బ్రూక్ ట్రౌట్ గుడ్లు పెట్టేది ఈ కాలంలోనే, రెయిన్‌బో మామూలుగా వసంతంలో పెడుతుంది. సరస్సులోకి వాగు వచ్చి కలిసే చోట గులకరాళ్లు ఓ మంచమంత మేర కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే అవి గుడ్లున్న చోట్లు. వాటి మీద అడుగు వేయకండి. అక్కడ గుమిగూడిన చేపలకు గాలం వేయడం తేలికే, అందుకే వేయకండి. చాలా చోట్ల ఈ కాలంలో వేట నిషేధం, మీరు వెళ్లే సరస్సు నిబంధనలు ముందే చదువుకోండి.

వదిలేయబోయే చేప అయితే మొన దగ్గరి ఎదురు ముల్లు నొక్కేసిన కొక్కెం వాడండి. చేయి తడిపి పట్టుకోండి, పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు ఊడి, దానికి జబ్బులు సోకుతాయి. గడ్డకట్టే చలిలో దాన్ని గాలిలోకి ఎత్తొద్దు, తడి మొప్పల మీది సన్నటి పొరలు దెబ్బతింటాయి. వలలో, నీళ్లలోనే ఉంచి కొక్కెం తీసేయండి. ఫోటో కావాలంటే ఫోన్ ముందే సిద్ధం చేసుకోండి.

ఈ పాఠానికి అభ్యాసం

మీ దగ్గరున్న మూడు ఎరలకు నల్లగీత పద్ధతిలో అంకె కట్టి, అట్ట ముక్క మీద రాసి పెట్టెలో అతికించండి. తర్వాత సరస్సులో ఒకే చోట నిలబడి అడుగు అంకె కనుక్కుని, అక్కడి నుంచి రెండేసి తగ్గిస్తూ ఇరవై విసుర్లు వేయండి. చేప పడినా పడకపోయినా నోట్‌బుక్‌లో రాయండి. మొన్నటి నా పేజీ ఇలా ఉంది: ‘పైన 8, అయిదు మీటర్ల దగ్గర 8. ఈదురుగాలి, ఎండ లేదు. అడుగు 17. తగిలింది 13 దగ్గర, రెండుసార్లు. ఒకటి జారిపోయింది. రింగులో మంచు లేదు.’

వచ్చే పాఠంలో ఫ్లై లైన్‌తో ఇదే లెక్క ఎలా కట్టాలో చూద్దాం. థర్మామీటర్ దారానికి మీటరుకో ముడి వేసి ఉంచండి, అప్పుడు పనికొస్తుంది.