టీపీఎం చిప్‌ను ఎమ్యులేటర్‌లో ఐఎస్‌ఏ పరికరంగా నిలబెట్టడం ఎలా?

హనుమకొండలో ఇంజినీరింగ్ పిల్లలకు క్యూఈఎంయూ (మొత్తం కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌లోనే నడిపే ఎమ్యులేటర్) కోడ్ చూపించిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "సార్, ఐఎస్‌ఏ బస్సు 1981 నాటి ఐబీఎం పీసీది కదా, టీపీఎం 2.0కు అదెందుకు?" న్యాయమైన ప్రశ్నే. బస్సు అంటే చిప్‌లను, కార్డులను కలిపే దారి. మదర్‌బోర్డుల్లో టీపీఎం అనే ఈ సెక్యూరిటీ చిప్ చాలాకాలం ఎల్‌పీసీ బస్సు మీదే ఉండేది. ఇంటెల్ 1998లో తెచ్చిన ఎల్‌పీసీ, సాఫ్ట్‌వేర్‌కు ఐఎస్‌ఏలాగే కనిపిస్తుంది. పీసీఐ కార్డుకు బూట్ సమయంలో చిరునామా కేటాయిస్తారు, టీపీఎంకు మాత్రం ముందే ఖాయమైన చోటుంది. వేయిస్తంభాల గుడికి వెళ్లేవాళ్లు ఇంటి నంబరు అడగరు. డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కూడా అంతే.

మొదట ఆ చోటు కట్టండి. 4 జీబీ హద్దుకు సరిగ్గా 18.75 ఎంబీ కిందనుంచి 20 కేబీ ఎంఎంఐఓ (మెమరీ చిరునామాలతోనే పరికరాన్ని అందుకునే) ప్రాంతం: 5 లొకాలిటీలు (అధికార స్థాయిలను బట్టి విడివిడి కిటికీలు), ఒక్కోదానికి 4 కేబీ. నిజమైన ఐఎస్‌ఏకు ఉన్నవి 24 అడ్రస్ లైన్లే, 16 ఎంబీ దాటి చూడలేదు. క్యూఈఎంయూ పీసీ మోడల్ ఇచ్చే ఐఎస్‌ఏ మెమరీ స్పేస్‌కు ఆ హద్దు లేదు కాబట్టి నేరుగా తగిలించవచ్చు.

తర్వాత పరికరాన్ని సిద్ధం చేసే రియలైజ్ ఫంక్షన్. బ్యాకెండ్ (వెనక అసలు టీపీఎం పని చేసే ప్రోగ్రామ్) జతకాకపోతే, లేదా ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్) నంబరు 15 దాటితే అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆపండి. డిఫాల్ట్ 5. ఇంటరప్ట్ అందకపోయినా లినక్స్ డ్రైవర్ పోలింగ్‌తో (పదేపదే అడిగి చూస్తూ) నెట్టుకొస్తుంది, దానిమీద రోజులు పోగొట్టుకోకండి.

అసలు పని రిజిస్టర్లది. స్టార్టప్ కమాండ్‌నే తీసుకోండి, మొత్తం 12 బైట్లు: ట్యాగ్ 2, సైజు 4, కమాండ్ కోడ్ 4, చివరి 2 స్టార్టప్ రకం. డ్రైవర్ ముందు యాక్సెస్ రిజిస్టర్‌లో లొకాలిటీ అడుగుతుంది, తర్వాత స్టేటస్‌లో 'కమాండ్ రెడీ' బిట్ రాస్తుంది, ఆపైన ఫిఫో అనే వరుసలోకి బైట్లు పంపుతుంది. లినక్స్ 11 బైట్లు రాశాక ఆగి, ఇంకా బైట్లు రావాలని చెప్పే 'ఎక్స్‌పెక్ట్' బిట్ ఇంకా 1గానే ఉందా అని చూస్తుంది. పన్నెండోది రాశాక అది 0 కావాలి. అందుకే మీ మోడల్ హెడర్‌లోని సైజును చదివి, వచ్చిన బైట్లను లెక్కపెట్టాలి. ఒక్క బైటు తేడా వచ్చినా డ్రైవర్ ఎర్రర్‌తో వెనక్కిపోతుంది.

క్రిప్టో మీరు రాయొద్దు. ఎస్‌డబ్ల్యూటీపీఎంను (సాఫ్ట్‌వేర్ టీపీఎం ప్రోగ్రామ్) యునిక్స్ సాకెట్ మీద ముందుగా నడిపి, దాన్ని బ్యాకెండ్‌గా ఇవ్వండి. ఓఎస్‌కు హార్డ్‌వేర్ వివరాలు చెప్పే ఏసీపీఐ పట్టికలో ఎంఎస్‌ఎఫ్‌టీ0101 పేరుతో పరికరాన్ని చాటడం మరవకండి.

ఇక బూట్ చేసి క్యూఈఎంయూ మానిటర్‌లో (దాని కమాండ్ కన్సోల్) 'ఇన్ఫో ఎమ్‌ట్రీ' కొట్టండి. జాబితాలో మీ 20 కేబీ ప్రాంతం కనిపించాలి. గెస్ట్‌లో (ఎమ్యులేటర్ లోపల నడిచే ఓఎస్) వెండర్ ఐడీ చదివితే అన్నీ ఎఫ్‌లే వస్తున్నాయా? అయితే ఆ చిరునామాలో ఎవరూ లేరు, లోపం బస్సుకు తగిలించడంలోనే ఉంది.

రిజిస్టర్ల లాజిక్‌ను మాత్రం ఐఎస్‌ఏ ఫైల్లో పెట్టకండి. క్యూఈఎంయూ 2020లో ఆ రెండింటినీ విడదీసింది కాబట్టే అదే కోడ్ ఐఎస్‌ఏ లేని ఆర్మ్ మెషీన్‌లోనూ సిస్‌బస్ (క్యూఈఎంయూలోని సాధారణ సిస్టమ్ బస్సు) మీద నడుస్తోంది.