సీఏపీఎం దరఖాస్తు విధానం: చాలామంది ఆగిపోయేది ఆ 23 గంటల దగ్గరే

పోయిన నెల మా పిన్ని కూతురు ఒక సర్టిఫికెట్ తెచ్చి నా ముందు పెట్టి, "అక్కా, దీంతో అప్లై చేసెయ్యొచ్చా?" అంది. బంగారు రంగు అంచు, గుండ్రటి స్టాంపు, మధ్యలో పెద్ద అక్షరాలతో తన పేరు, కింద ఎవరిదో అర్థంకాని సంతకం. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చదివిందో లేదు, మొత్తం ఎన్ని గంటలో లేదు. దానికి 15 వేలు కట్టిందట, క్లాసులేమో రెండు ఆదివారాలు జరిగాయట. ఇలా డబ్బు పోగొట్టుకుని వచ్చినవాళ్లను ఇంతకుముందూ చూశాను కాబట్టి, మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నాను.

సీఏపీఎం అనేది ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం అమెరికాలోని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, అంటే పీఎంఐ, ఇచ్చే సర్టిఫికేషన్. దీనికి ఉద్యోగ అనుభవం ఒక్క రోజు కూడా అక్కర్లేదు. ఇంటర్ స్థాయి చదువు ఉండాలి, పరీక్ష రాసేలోపు 23 గంటల శిక్షణ పూర్తయి ఉండాలి, అంతే. పీఎంఐ ఇచ్చే ఇంకో సర్టిఫికేషన్ పీఎంపీ దీనికి పై మెట్టు. దానికి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు కూడా 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపించాలి. ఫ్రెషర్‌కి ఎవరైనా "డైరెక్ట్‌గా పీఎంపీ ఇప్పిస్తాం, అనుభవం మేం చూపిస్తాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

దరఖాస్తు పీఎంఐ వెబ్‌సైట్‌లోనే. అకౌంట్ తెరిచి, చదువు వివరాలు, శిక్షణ వివరాలు నింపితే పని అయిపోతుంది, మొదలుపెట్టాక పూర్తి చేయడానికి 90 రోజులు టైమ్ ఉంటుంది కాబట్టి కంగారు పడక్కర్లేదు. అకౌంట్ మాత్రం మీ సొంత ఈమెయిల్‌తో, మీ చేత్తో మీరే తెరవండి. పరీక్ష బుక్ చేసుకునే ఎలిజిబిలిటీ నంబరు, మిగతా సమాచారం అంతా ఆ మెయిల్‌కే వస్తుంది. మధ్యవర్తి మెయిల్ ఇస్తే మీ దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో కూడా ఆయన్నే అడగాల్సి వస్తుంది.

ఇక ఆ 23 గంటలు. ఫారంలో వీటిని కాంటాక్ట్ అవర్స్ అంటారు, ఒక గంట క్లాసు అంటే ఒక కాంటాక్ట్ అవర్. పుస్తకాలు చదవడం, యూట్యూబ్ వీడియోలు చూడడం, తెలిసిన సీనియర్ దగ్గర కూర్చుని నేర్చుకోవడం వీటిలోకి రావు, ఎంత బాగా నేర్చుకున్నా రావు. ఆన్‌లైన్ కోర్సు పనికొస్తుంది, కాకపోతే చివర్లో పరీక్షలాంటిది ఉండాలి. కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్‌లో ఉన్న గూగుల్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఈ 23 గంటలకు సరిపోతుంది, ఫీజు కట్టలేనివాళ్లు అక్కడే ఫైనాన్షియల్ ఎయిడ్ అడగొచ్చు. "పీఎంఐ గుర్తింపు ఉన్న సంస్థలో చేస్తేనే చెల్లుతుంది, అది మా దగ్గరే ఉంది" అని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. కాలేజీలు, కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చే శిక్షణ, మామూలు ట్రైనింగ్ సంస్థలు, ఇవన్నీ చెల్లుతాయి.

ఎక్కువమందికి తెలియని విషయం ఇంకొకటుంది. బీటెక్‌లోనో ఎంబీఏలోనో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సబ్జెక్టు చదివి ఉంటే ఆ గంటలే చూపించుకోవచ్చు. వారానికి 3 గంటల చొప్పున 15 వారాలు జరిగితే 45 గంటలు, అంటే కావలసినదానికి దాదాపు రెట్టింపు! సబ్జెక్టులో కొంత భాగమే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అయితే ఆ భాగం గంటలే వేసుకోవాలి. మా చెల్లి మార్కుల మెమో తీసి చూస్తే రెండో సంవత్సరంలో ఆ సబ్జెక్టు ఉంది. కాలేజీకి వెళ్లి లెటర్‌హెడ్ మీద సబ్జెక్టు పేరు, తేదీలు, మొత్తం గంటలు రాయించి, సంతకం, సీలు వేయించుకొచ్చింది. రెండు రోజులు తిరగాల్సి వచ్చింది గానీ రూపాయి ఖర్చు కాలేదు. బంగారు అంచు సర్టిఫికెట్ అలమరలోనే ఉండిపోయింది.

ఈ కాగితం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఆడిట్. దరఖాస్తుల్లో కొన్నింటిని పీఎంఐ యాదృచ్ఛికంగా ఎంచి, రాసినదానికి రుజువులు అడుగుతుంది. మెయిల్ రాగానే టెన్షన్ పడి, తప్పేదో చేశామనుకుని వదిలేసేవాళ్లున్నారు. దయచేసి వదిలేయకండి. ఆడిట్ అంటే నేరారోపణ కాదు. చదువు సర్టిఫికెట్ కాపీ, ఫారంలో రాసిన ప్రతి కోర్సుకీ సర్టిఫికెట్ లేదా లెటర్ పంపాలి, దానికి 90 రోజుల గడువు ఇస్తారు. నిజంగా చదివినవాళ్లకు ఇందులో ఏ ఇబ్బందీ ఉండదు. గంటలు కొనుక్కున్నవాళ్లకే ఇబ్బంది, ఎందుకంటే కాగితం అమ్మినవాళ్లు అప్పటికి ఫోన్ ఎత్తరు, ఫారంలో తప్పు రాసిన బాధ్యత మాత్రం మీ పేరు మీదే ఉంటుంది.

పేరు అంటే గుర్తొచ్చింది, మనవాళ్లు తడబడే ఇంకో చోటు ఇదే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఇంకో కార్డులో ఒక్క ఇనీషియల్‌గా మారుతుంది, పాస్‌పోర్ట్‌లో విడిగా ఇంకో గడిలో ఉంటుంది. పరీక్ష రోజు చూపించే గుర్తింపు కార్డు మీద ఎలా ఉందో అకౌంట్‌లో అచ్చం అలాగే ఉండాలి. కార్డు మీద ఫొటో, సంతకం, ఇంగ్లీషులో పేరు ఉండాలి. ఆధార్ మీద మన సంతకం ఉండదు కదా, అందుకని పాస్‌పోర్ట్ ఉంటే అదే ముందు పెట్టుకుని పేరు టైప్ చేయండి. మార్చుకోవాలంటే పరీక్ష బుక్ చేయకముందే మార్చుకోండి.

దరఖాస్తు ఆమోదం పొందాక ఫీజు కట్టాలి. ఎంతన్నది మీ అకౌంట్‌లోనే కనిపిస్తుంది, దానికి మించి ఎవరు అడిగినా అది వాళ్ల జేబులోకే. తర్వాత పరీక్ష జరిపే పియర్సన్ వ్యూ సంస్థ సెంటర్‌లో గానీ ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో గానీ రాయొచ్చు. 150 ప్రశ్నలు, 3 గంటలు. ఆమోదం ఏడాదిపాటు ఉంటుంది, ఆ లోపు మూడుసార్ల దాకా రాయొచ్చు, రెండోసారి నుంచి మళ్లీ ఫీజు ఉంటుంది. "మీ బదులు మేం రాస్తాం, పాస్ గ్యారంటీ" అనేవాళ్లకు మీ పాస్‌వర్డ్ గానీ పాస్‌పోర్ట్ కాపీ గానీ పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే ఈ రోజే పాస్‌వర్డ్ మార్చి, అకౌంట్‌లో ఈమెయిల్, ఫోన్ నంబరు మీవేనా అని చూసుకోండి.