హీటర్ డాలుకు పట్టీలు ఎలా బిగించాలి?

మధ్యయుగపు పోరును సరదాగా ఆడే సంఘం సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజమ్ 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మొదలైంది. దాని పోరులో కొత్తవాళ్లు ఎక్కువగా ముందు చేసుకునేది హీటర్ డాలే. పైన అడ్డంగా, కింద కోసుగా ఉంటుంది. అది ఇస్త్రీ పెట్టెలా ఉందని 19వ శతాబ్దంలో ఆ పేరు పెట్టారు. 13, 14 శతాబ్దాల్లో దాన్ని మోసిన నైట్‌కి అది ఉత్త డాలు.

చెక్క పని త్వరగా అయిపోతుంది. అర అంగుళం ప్లైవుడ్‌ను 24 అంగుళాల వెడల్పు, 36 పొడవుతో కోయండి. అంచుకు నిలువునా చీల్చిన రబ్బరు పైపు తొడిగి కట్టేయండి. పట్టీలకు తోలే వాడాలి, నైలాన్ వద్దు. బోల్టుల గుండు తల బయటికి, నట్టు లోపలికి.

ఇక పట్టీలు ఎక్కడ? అందరూ తప్పు చేసేది ఇక్కడే.

ముందు చరిత్ర పుస్తకం మూసేయండి. అందులో చేతి పట్టీలను ఎనార్మ్ అంటారు, మెడలో వేసుకునేదాన్ని గీజ్ అంటారు. గుర్రం మీదున్నవాడికి ఎడమ చేత్తో పగ్గాలూ పట్టుకోవాలి, అందుకే డాలు బరువు మెడ మీద వేసుకున్నాడు. మనం నేల మీద నిలబడి కొట్టుకుంటాం. గీజ్ పెట్టుకుంటే డాలు కదలదు, మెడ నొప్పి మాత్రం మిగులుతుంది.

డాలును బోర్లా పెట్టి, కోసు మీ వైపు ఉంచండి. గుర్తులన్నీ వెనక వైపే గీయాలి. ముందు వైపు గీసి రంధ్రం వేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. తర్వాత చీపురు కర్ర మీద పెట్టి, డాలు అటూ ఇటూ ఒరగని చోటు చూసి అడ్డగీత గీయండి. మోచేతి పట్టీ ఎడమ అంచు దగ్గర, ఆ గీతకు పైనే రావాలి. కిందికి వస్తే పైభాగం బరువై, దెబ్బ తగలగానే డాలు ముందుకు తూలుతుంది. పిడికిలితో పట్టుకునే పిడి కుడి పై మూల వైపు ఉండాలి.

కొలత తీసేటప్పుడు మోచేతి కవచం, గ్లోవు వేసుకునే తీరాలి. వట్టి చేతికి సరిపోయిన పట్టీలో కవచంతో చెయ్యి దూరదు, అప్పుడు కొత్త రంధ్రాలతో ప్లైవుడ్ జల్లెడ అవుతుంది. పట్టీ మోచేతి మడతకు రెండు వేళ్లు ముందు పడాలి. మడత మీదే పడితే చెయ్యి వంగదు.

రంధ్రం వేయకముందే తాడుతో కట్టి చూడండి. పిడికిలి చెంప దగ్గరికి తెస్తే పై అంచు కళ్ల కిందే ఆగాలి. చెయ్యి సడలించినా కోసు నేలవైపే ఉండాలి. ఎవరినైనా బెత్తపు కత్తితో మెల్లగా కొట్టమనండి. డాలు చేతి మీద తిరిగిపోతే పట్టీలు దగ్గరైపోయినట్టే, ఒక అంగుళం దూరం జరపండి.

మధ్యలో ఒకే పిడి పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదని కొందరంటారు. నార్వేలోని గోక్‌స్టాడ్ ఓడలో దొరికిన 64 డాళ్లకు పిడి మధ్యలోనే ఉంది, నిజమే. అవి గుండ్రటివి. హీటర్‌కి ఆ పిడి పెడితే మణికట్టు ఒక్కటే బరువంతా మోస్తుంది.

రంధ్రాలు వేసి, వెడల్పు వాషర్లతో బిగించండి. మొదటి ప్రాక్టీసయ్యాక తోలు సాగి నట్లు వదులవుతాయి. మళ్లీ బిగించి, బోల్టు చివర పొడుచుకొస్తే కోసేసి ఆకురాయి పట్టండి.