స్టాన్లీ జీవితాన్ని తిరిగి తూచడం ఎలా

గోదావరి డెల్టాలో పెరిగిన విద్యార్థికి, వలస పాలన నాటి మనిషి ఊరూరా విగ్రహమై నిలబడడం కొత్త సంగతి కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు ఇక్కడ నేటికీ పూలదండలు పడుతున్నాయి, అందుకు కారణం కాలువ కింది పొలాల్లో కళ్లకు కనిపిస్తూనే ఉంది. అయితే ఆఫ్రికా అన్వేషకుడు హెన్రీ మోర్టన్ స్టాన్లీ గురించి వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు ఆ భక్తినీ, వలసవాదంపై మనకున్న న్యాయమైన కోపాన్నీ కాసేపు పక్కన పెట్టాలి.

ముందుగా సంవత్సరాలను వరుసగా రాసుకోండి. 1841లో వేల్స్‌లోని డెన్‌బీలో జాన్ రోలండ్స్ అనే పేరుతో పుట్టి, పేదల శరణాలయంలో పెరిగాడు. 1871లో టాంగన్యీకా సరస్సు ఒడ్డునున్న ఉజీజీలో, జాడ తెలియకుండా పోయిన మిషనరీ అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్‌ను కలిశాడు. 1874–77లో ఖండాన్ని తూర్పు నుంచి పడమరకు దాటాడు. 1879 నుంచి 1884 వరకు బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ కొలువులో కాంగో వెంబడి స్థావరాలు నెలకొల్పాడు, స్థానిక నాయకులతో ఒప్పందాలు చేయించాడు. రబ్బరు కోసం కాంగో ప్రజలపై సాగిన ఘోరాలు ప్రధానంగా 1890లలోనూ 1900ల తొలి ఏళ్లలోనూ జరిగినవి కాబట్టి వాటిని నేరుగా అతని చేతికి అంటగట్టలేము. కాని కాంగోలో లియోపోల్డ్ ఏర్పరచుకున్న రాజ్యానికి పునాది వేసింది అతని ఒప్పందాలూ స్థావరాలే కనుక బాధ్యత నుంచి పూర్తిగా తప్పించనూ లేము.

తర్వాత ఒక్క ఘటనను ఎంచుకొని లోతుగా చదవండి. విక్టోరియా సరస్సులోని బుంబిరే దీవిని తీసుకుందాం. 1875 ఏప్రిల్‌లో అక్కడివారు అతని పడవ తెడ్లు లాక్కున్నారు. ఆగస్టులో అతడు పెద్ద బలగంతో తిరిగివచ్చి, ఒడ్డున గుమిగూడినవారిపై పడవల నుంచే తుపాకులు పేల్పించాడు. ఈ సంగతి శత్రువులు పుట్టించింది కాదు, తానే పత్రికకు రాసి పంపాడు, అది చదివి బ్రిటన్‌లోనే పలువురు అతన్ని తప్పుపట్టారు. కాబట్టి నాటి కాలపు నీతి వేరని కొట్టిపారేసే వాదన ఇక్కడ నిలవదు. దినచర్య, పత్రికా లేఖ, అచ్చయిన పుస్తకం మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, ఎక్కడ గొప్పలు చెప్పుకున్నాడో, ఎక్కడ దాచాడో తేటతెల్లమవుతుంది. లివింగ్‌స్టన్‌ను కలిసిన నాటి దినచర్య పుటలు చింపేసి ఉన్నాయని కూడా గుర్తుంచుకోండి.

అతని మూటలు మోసినవారికీ చోటివ్వండి. 1877లో కాంగో జలపాతాల వద్ద మునిగిపోయిన కలూలు అనే కుర్రవాడి పేరైనా మనకు దక్కింది, చాలామంది కూలీల పేర్లు దక్కలేదు. (ధవళేశ్వరంలో రాళ్లెత్తినవారి గురించీ ఇదే ప్రశ్న వేయవలసి ఉంది.)

చివరగా, మనిషికి ఒకే తీర్పు రాయకండి. ఒక్కొక్క ఆరోపణకు విడివిడిగా తేల్చి, ఆధారం పక్కనే చూపండి. డెన్‌బీలో 2011లో పెట్టిన అతని విగ్రహాన్ని ఉంచాలని 2021లో పట్టణవాసులు ఓటు వేశారు. ఆ ఓటును నేటి డెన్‌బీ గురించిన ఆధారంగా మాత్రమే వాడుకోండి.