ఢిల్లీ ఫోటోలు ఎందుకు చెడిపోతాయి? ముందు చంద్రగిరిలో సాధన చేయండి

తిరుపతిలో మా వీధి నుంచి ఎవరు ఢిల్లీ యాత్ర చేసి వచ్చినా ఫోను పట్టుకుని మా ఇంటికి వస్తారు. కుతుబ్ మీనార్ ఎందుకు వాలిపోయింది, ఇండియా గేట్ ఎందుకు నల్లగా వచ్చింది, కొత్త ఫోను కొనాలా అని అడుగుతారు. ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. సంపర్క్ క్రాంతి రైల్లో రోజున్నర ప్రయాణం చేసి, పిల్లలను, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని అంత దూరం వెళ్లినవాళ్లు చేతికి దక్కిన ఫోటోలు చూసి నిరాశపడకూడదు. వాటిలో ఫోను తప్పు వల్ల చెడినవి చాలా తక్కువ. వెళ్లిన వేళ, నిలబడిన చోటు, ఈ రెండూ సరిపడక చెడినవే ఎక్కువ.

ఈ రెండూ నేర్చుకోవడానికి ఢిల్లీ దాకా వెళ్లనక్కరలేదు. తిరుపతికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రగిరి కూడా ఒకప్పుడు రాజధానే. విజయనగర రాజులు చివరి కాలంలో అక్కడి నుంచి పాలించారు. మూడు అంతస్తుల రాజమహల్, అందులో మ్యూజియం, పక్కన రాణీమహల్, వెనుక కొండ, చుట్టూ కావలసినంత ఖాళీ స్థలం ఉన్నాయి. యాత్రకు ముందు ఒక ఉదయం, ఒక సాయంత్రం అక్కడ గడపండి.

కట్టడం నల్లగా, ఆకాశం తెల్లగా వచ్చింది

నా దగ్గరకు వచ్చే ఫోటోల్లో సగం ఇలాంటివే. సూర్యుడు కట్టడం వెనుక ఉన్నప్పుడు ఫోను ఆకాశపు వెలుగునే లెక్కలోకి తీసుకుంటుంది, కట్టడం చీకట్లో మిగిలిపోతుంది. తెర మీద కట్టడం ఉన్న చోట వేలితో తాకి వెలుతురు కాస్త పెంచితే కొంత మెరుగుపడుతుంది, కానీ ఆకాశం వెలిసిపోతుంది. అసలు పరిష్కారం సరైన వేళకు వెళ్లడమే.

ఇండియా గేట్‌ను మనం సాధారణంగా రాష్ట్రపతి భవన్ నుంచి వచ్చే రోడ్డు, అంటే కర్తవ్య పథ్ వైపు నుంచి తీస్తాం. అప్పుడు మన చూపు తూర్పుకు ఉంటుంది. ఉదయం వెళితే సూర్యుడు గేటు వెనుక నుంచే వస్తాడు. మధ్యాహ్నం మూడు దాటాక వెళితే రాయి బంగారు రంగు తేలుతుంది. ఎర్రకోట లాహోర్ దర్వాజా చాందినీ చౌక్ వైపు, అంటే పడమటికి చూస్తుంది. హుమాయూన్ సమాధికి కూడా పడమటి ద్వారం నుంచే వెళతాం. ఈ మూడింటినీ ఉదయం పూటే చుట్టేసే యాత్రా పట్టిక చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఉదయం మ్యూజియం, మధ్యాహ్నం తరువాత కోటలు అని మార్చి చూడండి.

మన ప్రాంతం వాళ్లు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే ఢిల్లీ 28.6 డిగ్రీల మీద ఉంది. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం మనకు సూర్యుడు సుమారు 53 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, ఢిల్లీలో సుమారు 38 డిగ్రీలే. చలికాలంలో అక్కడ కట్టడాల ఉత్తరపు గోడల మీద ఎండ అసలే పడదు. దక్షిణపు గోడల మీద మాత్రం నట్టమధ్యాహ్నం కూడా ఏటవాలు వెలుతురు ఉంటుంది, శిల్పాల లోతు చక్కగా తెలుస్తుంది. సాయంత్రం ఐదున్నరకే సూర్యాస్తమయం కూడా అయిపోతుంది. ఇక్కడి అలవాటుతో టీ తాగి ఆరింటికి వెళితే దొరికేది చీకటే.

దిక్కు గుర్తుపట్టడం చంద్రగిరిలో సాధన చేయండి. ఒకే చోట నిలబడి రాజమహల్‌ను ఉదయం ఎనిమిదికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి తీసి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూడండి. నేను ఎన్ని మాటలు చెప్పినా ఆ రెండు ఫోటోలు చెప్పినంత స్పష్టంగా చెప్పలేను.

మీనార్ వెనక్కి వాలినట్టు వచ్చింది

కుతుబ్ మీనార్ ఎత్తు 72.5 మీటర్లు. దాని పాదాల దగ్గర నిలబడి ఫోను పైకెత్తితే నిలువు గీతలన్నీ పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. వెడల్పాటి లెన్స్ వాడితే ఇంకా ఘోరంగా ఉంటుంది. గోవిందరాజస్వామి గోపురాన్ని దగ్గర నుంచి తీసిన ప్రతివారికీ ఇది అనుభవమే.

ఫోనును పైకి వంచకుండా నిటారుగా పట్టుకుని, కట్టడం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరం వెనక్కి వెళ్లండి. మామూలు ఫోను లెన్స్‌కు ఈ లెక్క సరిపోతుంది. 42 మీటర్ల ఇండియా గేట్‌కు 63 మీటర్లు, కుతుబ్‌కు సుమారు 110 మీటర్లు కావాలి. అసంపూర్తిగా మిగిలిన అలాయ్ మీనార్ వైపు నడిస్తే ఆ దూరం దొరుకుతుంది. అయితే అక్కడి నుంచి చూపు దక్షిణానికి ఉంటుంది కాబట్టి చలికాలపు మధ్యాహ్నం సూర్యుడు ఎదురవుతాడు. ఉదయమో సాయంత్రమో వెళ్లండి. ఫోటోలో కింద సగం నేలే వస్తుంది. ఇంటికి వచ్చాక కత్తిరించుకోవచ్చు.

అంత దూరం దొరకనప్పుడు మొత్తం మీనార్ కోసం తంటాలు పడవద్దు. ఒక అంతస్తు బాల్కనీని, ఎర్ర ఇసుకరాతి మీద చెక్కిన అక్షరాల పట్టీని తీయండి. నాకైతే మొత్తం మీనార్ కన్నా అవే ఇష్టం.

మనవాళ్లు చీమల్లా కనిపిస్తున్నారు

అందరూ వెళ్లి గోడకు ఆనుకుని నిలబడతారు. ఫోటో తీసేవారు గోపురం పట్టేదాకా వెనక్కి వెనక్కి వెళతారు. చివరికి అమ్మమ్మ ముఖం వెతుక్కోవలసి వస్తుంది. కట్టడాన్ని అక్కడే వదిలి, మనుషులను ఫోను దగ్గరకు రమ్మనండి. వాళ్లు మీకు రెండు మూడు మీటర్ల దూరంలో ఉండాలి, కట్టడం చాలా వెనుక ఉండాలి. తీసేవారు నడుము ఎత్తులో ఫోను పట్టుకుంటే మనుషులూ కట్టడమూ నిండుగా కనిపిస్తాయి. నెత్తి మీద ఎండ ఉంటే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, చెట్టు నీడ అంచుకు జరపండి.

మ్యూజియంలో విగ్రహానికి బదులు నా చొక్కా కనిపించింది

జాతీయ మ్యూజియంలోని మొహెంజొదారో నర్తకి కంచు బొమ్మ ఎత్తు 10.5 సెంటీమీటర్లే. ఆమె కోసమే వెళ్లి, గాజులో మన ముఖాన్ని తీసుకుని రావడం ఎంత నిరుత్సాహమో నాకు తెలుసు. మన వెనుక ఉన్న వెలుతురు గాజు మీద పడటమే దీనికి కారణం. ముదురు రంగు బట్టలు వేసుకోండి. లెన్స్‌ను గాజుకు తాకించకుండా వీలైనంత దగ్గరగా, కొంచెం పక్కకు తిప్పి పట్టుకోండి. ఇంట్లోవాళ్లను నల్ల శాలువాతో వెనుక నిలబడమంటే ప్రతిబింబం మాయమవుతుంది. ఫ్లాష్ ఎక్కడా వద్దు. గాజు మీద తెల్లటి మచ్చ వస్తుంది, పాత రంగులకూ వస్త్రాలకూ చేటు చేస్తుంది. ఏ గదిలో ఫోటోకు అనుమతి ఉందో సిబ్బందిని ముందే అడగండి.

బొమ్మ కదిలినట్టు వస్తే చేయి వణికిందన్నమాట. మసక వెలుతురులో ఫోను షట్టర్, అంటే వెలుతురును లోపలికి రానిచ్చే తలుపు లాంటిది, ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, స్తంభానికి ఒరిగి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. స్టాండుకు పురావస్తు శాఖ కట్టడాల్లో ముందస్తు అనుమతి కావాలి, మోసుకుపోవడం దండగ.

ఫోటో నిండా అడ్డంగా నల్ల చారలు పడితే కంగారుపడకండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, దానివల్ల కొన్ని దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఫోనులో షట్టర్ వ్యవధిని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే చారలు పోతాయి.

అన్నీ బూడిద రంగులో ఉన్నాయి

డిసెంబరు, జనవరి నెలల పొగమంచు ఇది. రాష్ట్రపతి భవన్ ముందు నుంచి ఇండియా గేట్ రెండు కిలోమీటర్లకు పైగా దూరం, జూమ్ చేసినకొద్దీ మధ్యలో ఉన్న మంచునే తీస్తున్నట్టు. కట్టడానికి దగ్గరగా వెళ్లండి, లేదా పదకొండు దాటేదాకా ఆగండి.

దీపాల చుట్టూ పొగలా వచ్చింది

లెన్స్ మీద వేలి జిడ్డు. రైల్లో లడ్డూ పంచిన చేత్తోనే ఫోను తీస్తే నేతి పొర అంటుకుంటుంది. మెత్తటి నూలు గుడ్డతో తుడవండి.

గేటు ఫోటో తప్ప ఏమీ దక్కలేదు

ఆ రోజు సోమవారం అయి ఉంటుంది. ఎర్రకోట, జాతీయ మ్యూజియం, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ సోమవారం మూసి ఉంటాయి. కుతుబ్, హుమాయూన్ సమాధి తెరిచే ఉంటాయి కనుక ఆ రోజును వాటికి ఇవ్వండి. అక్షర్‌ధామ్ లోపలికి ఫోన్లు, కెమెరాలు అసలే అనుమతించరు. తిరుమలలో ఫోను అప్పగించి దర్శనానికి వెళ్లడం మనకు అలవాటే, అదే పద్ధతి అనుకుని ఒక గంట ఎక్కువ పెట్టుకోండి. చంద్రగిరి మ్యూజియానికి మాత్రం సెలవు శుక్రవారం, సాధనకు ఆ రోజు పెట్టుకోకండి.