మొక్కల మీద ఎమ్మెస్సీ: ముందుగా చూడవలసింది విశ్వవిద్యాలయం ర్యాంకు కాదు

వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేయాలనుకునేవారు విశ్వవిద్యాలయం పేరును కాసేపు పక్కన పెట్టి, ఆ విభాగంలోని అధ్యాపకుల పేర్లను, పరిశోధన పత్రాలను చూపే గూగుల్ స్కాలర్‌లో ఒక్కొక్కటిగా వెతకండి. ఇటీవలి సంవత్సరాల్లో ఎవరు ఏ మొక్క మీద, ఏ ప్రశ్న మీద పనిచేశారో తెలిసిపోతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టమాటా జన్యు పరిశోధనకు ప్రత్యేక కేంద్రమే ఉంది. అక్కడ ప్రవేశానికి సీయూఈటీ-పీజీ రాయాలి, ఉస్మానియాకైతే సీపీగెట్.

మీ మనసు మొక్కల వర్గీకరణ మీద ఉంటే లెక్క వేరు. జన్యుశాస్త్రంలో దిట్ట అయిన విభాగం కూడా మీకు పనికిరాకపోవచ్చు. హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలను అట్టలకు అతికించి దాచే చోటు) ఉందా, అది ప్రపంచ హెర్బేరియాల జాబితా అయిన ఇండెక్స్ హెర్బేరియోరమ్‌లో నమోదైందా అన్నది చూడండి. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ నిర్వహించే ఈ జాబితాను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. (బీరువాలో పురుగు పట్టిన నాలుగు అట్టలున్నా హెర్బేరియమనే చెప్పుకోవచ్చు మరి!)

ఇప్పుడు అక్కడ చదువుతున్న విద్యార్థితో కూడా ఒకసారి మాట్లాడండి. ప్రాజెక్టు ఎన్ని నెలలు? గైడును విద్యార్థే ఎంచుకోవచ్చా? బయటి సంస్థలో చేయనిస్తారా? పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ లాంటి చోట చేయాలనుకుంటే ఆఖరి సెమిస్టర్ దాకా ఆగకుండా ముందే ప్రయత్నం మొదలుపెట్టాలి.