జననాల రేటు - ఆయుర్దాయం రిగ్రెషన్: గీత కుదరట్లేదా, ఇవి చూడండి

ప్రపంచ బ్యాంకు సైట్లో 2010 డేటా దించుకుని ఎక్స్ మీద జననాల రేటు, వై మీద ఆయుర్దాయం పెడితే రిగ్రెషన్ గీత (దేశాల చుక్కలన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయే గీత) ఎడమ నుంచి కుడికి కిందకి దిగాలి. దిగలేదంటే తప్పు కాలమ్ తీసుకున్నారేమో చూడండి, అది రెండు నిమిషాల పని.

ఫైల్ చదవగానే కాలమ్స్ పేర్లన్నీ గజిబిజిగా వస్తున్నాయా? ఆ సీఎస్‌వీలో (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్) అసలు హెడర్ ఐదో లైన్లో ఉంటుంది, పైన 4 లైన్లు వదిలేసి చదివించండి.

దేశాలు 260 దాటాయా? అన్ని దేశాలు ఎక్కడున్నాయండీ! "ప్రపంచం", "దక్షిణాసియా", "అరబ్ ప్రపంచం" కూడా వరసలుగా కూర్చుంటాయి అందులో, అంటే ఇండియా ఒక్కటే కనీసం మూడు చోట్ల లెక్కలోకి వచ్చేసినట్టు. మీరు దించుకున్న జిప్‌లోనే దేశాల వివరాల ఫైల్ ఇంకోటి ఉంటుంది, దాన్లో రీజియన్ ఖాళీగా ఉన్నవి తీసేస్తే సరి.

ఇక అందరూ తల పట్టుకునేది లాస్ (గీత ఎంత తప్పుతోందో చెప్పే అంకె) "నాన్" (NaN, అంటే అంకె కానిది) అయిపోవడం దగ్గర. ముందు ఖాళీ సెల్స్ ఉన్నాయేమో చూడండి, ఒక్కటున్నా సగటు మొత్తం నాన్ అయిపోతుంది. అవి లేకపోయినా నాన్ వస్తుంటే తప్పు లెర్నింగ్ రేట్‌ది, అంటే గీతని సరిచేసే ఒక్కో అడుగు ఎంత పెద్దదో చెప్పే అంకెది. వెయ్యి మందికి జననాలు తీసుకుంటే ఎక్స్ సుమారు 8 నుంచి 50 దాకా ఉంటుంది, స్క్వేర్ చేస్తే 64 నుంచి 2500, దాని మీద లెర్నింగ్ రేట్ 0.01 పెడితే ప్రతి అడుగూ అవతలి గట్టుకి దూకి ఇంకా దూరం పోతుంది. ఎక్స్‌లోంచి సగటు తీసేసి స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించండి, అదే 0.01 చక్కగా పనిచేస్తుంది. లేదా ఒక్కో మహిళకి సగటు పిల్లలు అనే కాలమ్ వాడండి, అది 1 నుంచి 8 లోపే కాబట్టి గొడవుండదు. నిజానికి ఒక్క ఎక్స్‌కి గ్రేడియెంట్ డిసెంట్ (ఇలా అడుగడుగునా లాస్ తగ్గించుకుంటూ పోయే పద్ధతి) ఎందుకో నాకర్థం కాదు, నేరుగా జవాబిచ్చే ఫార్ములా ఉంది కదా.

గీత వచ్చింది కానీ కొన్ని చుక్కలు బాగా కిందున్నాయా? లెసోతో, ఎస్వాతిని (పాత పేరు స్వాజిలాండ్) అయితే హెచ్ఐవీ, హైతీ అయితే 2010 జనవరిలో వచ్చిన భూకంపం. చెరిపేయకండి, డేటా తప్పు కాదది. గీతని మరీ లాగేస్తుంటే హ్యూబర్ లాస్ (దూరంగా ఉన్న చుక్కలకి తక్కువ బరువిచ్చే లాస్) పెట్టండి.

ఎడమ వైపు మాత్రం ఏం చేసినా చుక్కలు నిలువుగా పేరుకుంటాయి. దక్షిణ కొరియా, ఉక్రెయిన్ రెండిట్లోనూ సగటు పిల్లలు ఒకటిన్నర లోపే, ఆయుర్దాయంలో తేడా పదేళ్లు, అది కోడ్‌లో దొరికే బగ్ కాదు.